ఉత్తరం దిక్కు తల

ఏడో తరగతి పిల్లలకు అయస్కాంతం పాఠం చెప్పడమంటే నాకు ఒళ్లు మంట. మిగతా పాఠాలన్నీ ఇష్టంగానే చెబుతాను. ఈ ఒక్కటి వచ్చేసరికి ముందు రోజు నుంచే మా వంటింట్లో గిన్నెల చప్పుడు పెరుగుతుంది. పిల్లలకేం, వాళ్లకు పండగ. కాగితం మీద ఇనుప రజను చల్లి, కింద అయస్కాంతం తిప్పి, ఆ రజను మీసాల్లా లేచి నిలబడితే కేరింతలు కొడతారు. ఆ గోల సద్దుమణిగాక ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు. ఉత్తరం వైపు తల పెట్టి పడుకుంటే మనిషికి చెడు జరుగుతుందట, నిజమేనా టీచర్ అని. వాళ్లు మరాఠీలో అడుగుతారు, నేనూ మరాఠీలోనే జవాబు చెబుతాను. ఆ జవాబు నాకు కంఠతా వచ్చు. దాన్నే తెలుగులో మా అమ్మకు చెప్పి ఒప్పించడానికి ఏళ్లకేళ్లు పట్టింది. తీరా ఆమె ఒప్పుకున్న రోజున, ఎందుకు ఒప్పించానురా దేవుడా అని నెత్తి కొట్టుకున్నాను.

అప్పుడు మేం షోలాపూర్ భవానీ పేటలో ఉండేవాళ్లం. ఎనభైల చివరి రోజులు. మా గది ఒక కార్ఖానా వెనక. కార్ఖానా అంటే పెద్దదేమీ కాదు, రేకుల కప్పు కింద వరసగా మరమగ్గాలు. వాటిని మేం సాంచాలంటాం. గోడకు అటు సాంచాలు, ఇటు మేము. అవి నడుస్తున్నంతసేపూ మా ఇంట్లో చెంబులో నీళ్లు వణుకుతుండేవి. గూట్లో పెట్టిన దువ్వెన జరిగి జరిగి కింద పడేది. మా నాయన, అంటే మేం పిలిచే పిలుపులో బాపు, ఆ సాంచాల మీదే తువ్వాళ్లు నేసేవాడు. కార్ఖానా యజమాని సేటు మాకు గది ఇచ్చింది కూడా ఆ పని కోసమే.

సాంచాల మధ్య బతికినవాళ్ల చెవులు ఎలా ఉంటాయో మా పేటలో ఎవరినడిగినా చెబుతారు. బాపుకు నలభై దాటేసరికే చెవులు పోయాయి. అయినా కొత్తవాళ్లు ఆ సంగతి కనిపెట్టలేకపోయేవారు. ఆ మోతలో మాట వినబడదు కాబట్టి కార్ఖానాలో అందరూ ఎదుటివాడి పెదవులు చూసి మాట పట్టేస్తారు. బాపు ఆ విద్యలో ఆరితేరినవాడు. ముఖం కనబడితే చాలు, గుసగుసలు కూడా దొరికిపోయేవి. ముఖం తిప్పుకుంటే మాత్రం ఆయనకు లోకమంతా మూగదే. అందుకే అమ్మకు ఆయన మీద కోపమొచ్చినప్పుడల్లా గోడ వైపు తిరిగి తిట్టుకునేది.

"ఓ కంపెనీ, ఇటు తిరిగి తిట్టు. నాకు గూడ తెల్వాలె గదా" అని బాపు నవ్వేవాడు.

ఆమెను 'కంపెనీ' అని పిలవడం ఆయన సరసం. అమ్మ కంపెనీకి బీడీలు చుట్టేది. ఒళ్లో చాట, చాటలో ఆకు, తంబాకు, దారం, కుడిచేతిలో కత్తెర. ఆకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం, అన్నీ ఒక్క ఊపులో జరిగిపోయేవి. కత్తెర ఆమెకు ఆరో వేలు. పొయ్యి దగ్గరికి లేచినా దాన్ని బొడ్లో దోపుకునే లేచేది. ఎక్కడైనా పెడితే మళ్లీ వెతుక్కోవాలని ఆమె భయం.

మా గది రైలు డబ్బాలా సన్నగా, పొడుగ్గా ఉండేది. మంచం నిలువుగా తప్ప అడ్డంగా పట్టదు. ఉన్నది ఒక్కటే కిటికీ, అదీ దక్షిణం గోడకు. మొదట బాపు మంచం ఆ కిటికీ కిందే ఉండేది, తల దక్షిణానికి. ఒక వానాకాలం కంపెనీ చెకింగులో అమ్మ బీడీలు చాలా తీసిపారేయడం మొదలుపెట్టారు. చీకట్లో చుడితే మూతులు సరిగా రావు మరి. మా గదికి కరెంటు కూడా సేటు దయ, సాయంత్రం దీపాల వేళకు గాని వదిలేవాడు కాదు.

"ఖిడ్కీ కాడ నాకు జాగ కావాలె. ఉజేడ్ల కూసుంటేనే పని అయితది" అని అమ్మ మంచాన్ని లోపలికి జరిపించి, కిటికీ వెలుతురు కింద తాను కూర్చుంది.

మంచం లోపలికి జరిగాక, తల దక్షిణానికే పెట్టుకుంటే బాపుకు ఎదురుగా గోడ తప్ప మరేం కనబడదు. తల ఉత్తరానికి పెడితే కిటికీ కింద కూర్చున్న అమ్మ ముఖం నిండుగా కనబడుతుంది. దిండు తీసి ఉత్తరం వైపు వేసుకున్నది బాపే. వేసుకుంటుండగా నేను చూశాను. పనికి పోని వేళల్లో అలా పడుకుని, ఆమె చెప్పే గల్లీ ముచ్చట్లన్నీ ఆమె పెదవుల మీద చదువుకునేవాడు.

మా బాపమ్మకు, అంటే బాపు తల్లికి, ఇది ఎంతమాత్రం నచ్చలేదు. "ఉత్తరం దిక్కు తల పెట్టి పండుకున్న ఏనుగు తలనే నరికి వినాయకునికి పెట్టిండ్రు. పసిపోరగాండ్లకు గూడ ఎరుకున్న ముచ్చట" అని రోజూ సాధించేది.

"అవ్వా, చెవులు పనిచెయ్యని తల నాది. దీన్ని ఎవరు తీస్కపోతరే" అనేవాడు బాపు.

కొన్నాళ్లకు ఒక పొద్దున ఆయన ఆ మంచం మీంచి లేవలేకపోయాడు. కుడికాలు, కుడిచెయ్యి చచ్చుబడ్డాయి. మూతి వంకరపోయింది. సర్కారు దవాఖానాలో డాక్టరు బీపీ ఎక్కువై పక్షవాతం వచ్చిందన్నాడు, మందులు రాశాడు, మర్దన చెయ్యమన్నాడు, ఓపిక పట్టమన్నాడు. అంతకంటే ఆయన చేయగలిగిందీ లేదు. ఇంటికి తెచ్చాక చూస్తే బాపు నోట 'ఆఁ' అన్న ఒక్క శబ్దం మిగిలింది. దాంతోనే అవుననాలి, కాదనాలి, ఆకలనాలి.

బాపమ్మ గడప మీద కూర్చుని ఒకే మాట అంది. "నేను చెప్పలేదా?"

అమ్మ ఎదురు మాట్లాడలేదు. అదే నన్ను భయపెట్టింది. అత్త ఒకటంటే తాను రెండనే మనిషి మా అమ్మ. ఆ రోజు మాత్రం తలవంచుకుని మంచం దిండు తీసి దక్షిణం వైపుకు వేసి, నా సాయంతో బాపును అటు తిప్పి పడుకోబెట్టింది. ఆ తర్వాత నాతో మెల్లగా అంది.

"మంచం జరిపింది నేనే గదనే. నా ఉజేడు కోసం మీ బాపును ఉత్తరానికి అప్పజెప్పిన."

నాకప్పుడు పదకొండో తరగతి, సైన్సు. పదిహేడేళ్ల వయసులో తెలిసిన నాలుగు ముక్కలూ నాలుగు వేదాల్లా ఉంటాయి. బాపుకు పోయిన సగం శరీరాన్ని నేను తేలేను. కనీసం అమ్మ మెడకు చుట్టుకున్న ఈ నేరాన్నైనా విప్పగలను అనుకున్నాను. బీపీ అని డాక్టరు చెప్పాడుగా అంటే వినలేదు. "బీపీ ఉత్తకే వస్తదా?" అంది. దాంతో నాకు పట్టుదల వచ్చింది. మా గల్లీయే వంకర, మా గది ఇంకా వంకర. పొద్దున ఎండ గోడ మీద ఏటవాలుగా పడుతుంది. అంటే అది సరిగ్గా ఉత్తరం కానే కాదు. బాపు తల ఏ వాయవ్యానికో ఉండి ఉంటుంది. ఆ సంగతి రుజువు చేస్తే బాపమ్మ నోరూ మూతపడుతుంది, అమ్మ మనసూ తేలికపడుతుంది. ఇదీ నా లెక్క. కాలేజీలో ఫిజిక్సు సార్‌ను బతిమాలి ల్యాబులోంచి దిక్సూచి తెచ్చాను. అరచేతిలో పట్టేంత ఇత్తడి డబ్బీ, అద్దం కింద సన్నటి ముల్లు.

బాపు తల ఇదివరకు ఉండే చోట నేల మీద దాన్ని పెట్టాను. సాంచాల అదురుకు ముల్లు కాసేపు ఊగిసలాడింది. తర్వాత కుదురుకుంది. చూస్తే, అది చూపించే ఉత్తరం ఒకవైపు, పాత మంచం వరస ఇంకోవైపు. గోడ అవతలి ఇనుమంతా ఆ ముల్లును ఎంత పక్కకు లాగుతోందో నాకప్పుడు తట్టనే లేదు. ఎగిరి గంతేసినంత పని చేశాను.

"చూడమ్మా, ఉత్తరం గిటు. బాపు తల అటుండె. నీ తప్పేం లేదు."

అమ్మ బీడీల చాట పక్కన పెట్టి లేచి వచ్చింది. వంగి చూసింది. ఆమె వంగుతుండగానే ముల్లు కదిలింది. నా కళ్ల ముందే గిర్రున తిరిగి ఆమె వైపు చూపించి నిలబడింది. ఆమె ఉలిక్కిపడి పక్కకు జరిగింది. ముల్లు ఆమె వెంటే తిరిగింది.

అమ్మ దాన్నే చూస్తూ, "చూసినవా? నన్నే చూపెడుతున్నది" అంది.

కత్తెర. ఆమె బొడ్లో కత్తెర అలాగే ఉంది. నేను దాన్ని లాక్కుని దూరం పెట్టాను, ముల్లు తన చోటికి పోయింది. దగ్గరికి తెచ్చాను, మళ్లీ వచ్చింది. "నిన్ను కాదమ్మా, లోఖండును చూపెడుతున్నది. ఇనుమెక్కడుంటే ముల్లు గక్కడికి పోతది, గంతే" అని మూడు నాలుగు సార్లు చేసి చూపించాను. అమ్మ చాలా శ్రద్ధగా చూసింది. నాకిప్పటికీ ఆ శ్రద్ధ గుర్తొస్తే గుబులు పుడుతుంది.

"అంటే ఇనుమును గుంజుతదన్నట్టు."

"ఆఁ, గదే."

"మరి ముల్లును ఉత్తరానికి ఎవరు గుంజుతుండ్రు?"

"భూమి. భూమే ఒక పెద్ద చుంబకం అమ్మా."

"నాకు నెత్తురు తక్కువుందని దవాఖానాల గోళీలిచ్చినప్పుడు నువ్వే చదివి చెప్పినవ్. నెత్తుట్ల ఇనుముంటదని."

నేను దిక్సూచిని నేల మీంచి తీసేశాను.

"మీ బాపమ్మ చదువుకోకపాయె. గని చెప్పింది ఖరమే, నిజమే ఉండె" అని అమ్మ కత్తెర తీసుకుని వెళ్లి కిటికీ కింద కూర్చుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నా పని. అంతకుముందు అది అత్త దెప్పిపొడుపు మాత్రమే. నా పుణ్యమా అని ఇప్పుడు దానికి సైన్సు ముద్ర కూడా పడింది.

నేను ఊరుకునే రకం కాదు. వేలు సూదితో పొడుచుకుని, నెత్తుటి బొట్టును కాగితం మీదికి తీసి దిక్సూచి పక్కన పెట్టాను. సూదిని మాత్రం ముందే దూరం పారేశాను, ఆ పాటి తెలివి వచ్చింది. ముల్లు ఇసుమంత కూడా కదల్లేదు. "చూడు, నెత్తుటి ఇనుమును చుంబకం గుంజదు" అన్నాను. అమ్మ నా వేలికి పసుపు అద్దుతూ, "ఒక్క బొట్టుకేం కదులుతదే. మనిషి నిండ ఉన్న నెత్తురు ముచ్చట వేరు" అంది.

సార్ దగ్గరికి పరిగెత్తాను. సార్ నవ్వలేదు, విసుక్కోలేదు. రక్తంలో ఇనుము వేరే పదార్థాలతో కలిసిపోయి ఉంటుందనీ, కత్తెరలోని ఇనుములా ప్రవర్తించదనీ చెప్పారు. "పృథ్వీ చుంబక్ ఆహే, పణ్ ఫార్ కమ్‌జోర్" అన్నారు. భూమి అయస్కాంతమే గానీ చాలా బలహీనమైనది. ఇంత పెద్ద భూమి కలిసి కింద పడ్డ గుండుసూదిని కూడా జరపలేదు. మొన మీద తేలిగ్గా నిలబెట్టిన ముల్లును తిప్పగలదు, అంతే దాని బలం. ఇంకో వింత కూడా చెప్పారు. మనం ఉత్తర ధ్రువం అనే వైపు ఉన్నది నిజానికి అయస్కాంతపు దక్షిణ ధ్రువమట. వ్యతిరేక ధ్రువాలు ఆకర్షించుకుంటాయి కాబట్టే ముల్లు ఉత్తర కొన అటు పోతుందట. అంటే మనం భయపడే ఉత్తరం అసలు ఉత్తరమే కాదు. నాకు అది బ్రహ్మాస్త్రం దొరికినట్టనిపించింది. ఇంటికి మోసుకొచ్చి అమ్మ ముందు వేశాను.

అమ్మ ఆకు కత్తిరిస్తూ విన్నది. "ఎదురెదురువి గుంజుకుంటయంటవా?"

"ఆఁ."

"మనిషికి తల ఉత్తరమంటరు. ఆడ దక్షిణం కూసుంటే తలనే గుంజె గదా మరి."

ఇక నేను ఏడవడమే తరువాయి. నేను తెచ్చిన ప్రతి నిజమూ నా కళ్ల ముందే తిరిగి ఆమెనే చూపించేది. గుండుసూదిని కూడా జరపలేని భూమి అని చెబితే, "సూది గట్టిగుంటది, మనిషి నాజూకు" అనేది. నాకు వాదించడం వచ్చు. చేతనైనంత గట్టిగా అరవడం కూడా వచ్చు. తనను తాను దోషిగా నిలబెట్టుకున్న మనిషితో ఎలా మాట్లాడాలో మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు.

ఇదంతా బాపు మంచం పక్కనే జరిగేది. ఆయనకు వినబడదు. ఇప్పుడు కనబడదు కూడా. దక్షిణానికి తల పెట్టాక ఎదురుగా ఉన్నది ఉత్తరం గోడ, దానికి ఒక క్యాలెండరు. అమ్మ ఆయన తల వెనక, కిటికీ కింద. ఆయన పని ఆగిపోయాక ఇల్లు నడవాల్సింది బీడీల మీదే కాబట్టి పొద్దంతా ఆమె అక్కడే. ఆయన ఎడమచేత్తో మంచం పట్టె కొట్టేవాడు. 'ఆఁ' అనేవాడు. అమ్మ లేచి వచ్చి ముందు నిలబడేది. నీళ్లా? కాదు. ఆకలా? కాదు. పక్క తడిసిందా? కాదు. ఆమె మళ్లీ వెనక్కి వెళ్లగానే మళ్లీ పట్టె మీద దెబ్బ. ఎడమచెయ్యి ఎత్తి దిండునూ, ఉత్తరం గోడనూ మార్చి మార్చి చూపించేవాడు. నాకు రెండో రోజుకే అర్థమైంది. అమ్మకు అర్థం కావడానికీ ఎక్కువ కాలం పట్టలేదు.

"నీ ముఖం కనబడాలె ఆయనకు. దిండు అటు వెయ్యమంటున్నడు" అన్నాను.

"నాకెరుకే" అంది అమ్మ. "అడిగిండని విషం పోస్తమా?"

మర్నాడు అద్దం తెచ్చి ఉత్తరం గోడకు వేలాడదీశాను. బాపు అందులో వెనకనున్న అమ్మను చూడవచ్చని. కిటికీ వెలుగులో ఆమె ముఖం అద్దంలో పడింది కూడా. బాపు ముఖం ఒక్క క్షణం విప్పారింది. అమ్మ అద్దంలోకి చూస్తూ, "జరా పాలు తాగుతవా?" అంది. బాపు కళ్లు చిట్లించాడు. మళ్లీ అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు, వద్దని కాదు, తెలియడం లేదని. నేను వంగి ఆయన కళ్లతో చూశాను. సాంచాల అదురుకు గోడా, గోడ మీది అద్దమూ, అద్దంలో అమ్మ పెదవులూ ఆగకుండా వణుకుతున్నాయి. ఆ వణుకులో ఏ మాటా చదవడం ఎవరి తరమూ కాదు. సేటును సాంచాలు ఆపమని అడగగలమా? అద్దం చేత్తో పట్టుకుని నేను ఎంతసేపు నిలబడగలను? కాలేజీకి వెళ్లేదాకా నిలబడేదాన్ని. తర్వాత బాపుకు మళ్లీ వణికే ముఖమే.

సాయంత్రం బల్బు వెలిగాక అమ్మ చాట పక్కన పెట్టి, ఆయన ముందుకు వచ్చి కూర్చుని మాట్లాడేది. ఆ కాసేపు ఆయన మంచం పట్టె కొట్టేవాడు కాదు. ఆ కాసేపటి కోసం రోజంతా గోడ చూసేవాడు. ఎన్నోసార్లు అమ్మతో గొడవపడ్డాను, బతిమాలాను, ఒకసారి ఆమె నీళ్లకు పోయినప్పుడు నేనే దిండు తిప్పబోతే బాపమ్మ గల్లీ అంతా వినబడేలా కేకలేసింది. అమ్మ ఒకటే అనేది. ఒకసారి నా సుఖం చూసుకుని పోగొట్టుకున్న, మల్ల ఆ పని చెయ్య.

ఆ చలికాలం పోయి ఎండలు మొదలయ్యాక, ఒక మిట్టమధ్యాహ్నం సాంచాలు మోగుతుండగా బాపు వెళ్లిపోయాడు. తల దక్షిణానికే ఉంది. దిక్కులో ఏ దోషమూ లేదు. అమ్మ ఆయన వెనకే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చుని ఆకు కత్తిరిస్తోంది. ఆ మోతలో ఆమెకేం వినబడలేదు. ముఖం అటువైపుండటంతో కనబడనూ లేదు. అన్నం కలుపుకుని ముందుకు వెళ్లాకే ఆమెకు తెలిసింది. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి గది నిండా జనం.

పది రోజుల పనులన్నీ ముగిశాక అమ్మ మంచం ఎత్తి బయట పెట్టింది. అదే చోట నేల మీద తన బొంత పరుచుకుంది. దిండు ఉత్తరం వైపు వేసుకుంది. బాపమ్మ లబలబలాడింది. కొడుకు పోయిన దుఃఖంలోనూ కోడలి తల గురించి అరిచింది. అమ్మ విననట్టే ఉంది. ఆమె ఎందుకలా పడుకుంటుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఉత్తరం ఆయన్ను గుంజుకుపోయిందని నమ్మిన మనిషి, తననూ గుంజుకుపొమ్మని తల అప్పగించింది.

ఆ తర్వాత నా చదువంతా ఆ ఒక్క దిండుతో యుద్ధమే. బీఎస్సీలో భూమి లోపలి సంగతులు చదివాను. లోపల ఎక్కడో కరిగిన ఇనుము సుళ్లు తిరుగుతూ ఉంటుందనీ, ఆ కదలిక వల్లే భూమికి అయస్కాంతత్వం వచ్చిందనీ. ముల్లు చూపే ధ్రువం ఒకచోట ఉండక మెల్లగా జరుగుతుంటుందనీ. లక్షల ఏళ్లలో చాలాసార్లు తలకిందులు కూడా అయిందనీ. మన షోలాపూర్ కింద ఉన్న నల్లరాయి ఒకప్పుడు కరిగి పారిన రాయి. అది చల్లబడి గట్టిపడ్డప్పుడు ఆనాటి దిక్కును తనలోనే పట్టి ఉంచుకుంది. ఆ రాళ్లలో కొన్నింటిని పరీక్షిస్తే ఈనాటి ఉత్తరం ఆనాడు దక్షిణం. ఇది చదివిన రోజు నేను ఇంటికి దాదాపు పరిగెత్తాను.

"ఉత్తరం ఎప్పటికీ ఉత్తరం కాదమ్మా. మన కాళ్ల కింది రాయిని అడుగు. ఒకప్పుడు ముల్లు ఉల్టా చూపిస్తుండె."

అమ్మ బీడీ మూతి మడిచింది. "అప్పుడు మీ బాపు లేడు గదా" అంది.

బాపమ్మ పోయింది. నాకు బడిలో ఉద్యోగం వచ్చింది. బీడీ కార్మికురాలిగా అమ్మకు విడీ ఘర్కుల్ కాలనీలో ఇల్లు వచ్చింది. చిన్నదే, కానీ గోడకు అటు సాంచాలు లేవు. చెంబులో నీళ్లు కదలకుండా ఉండటం చూసి మొదటి రోజు మా ఇద్దరికీ ఏదోలా అనిపించింది. సామాను సర్దడం కాకముందే అమ్మ అడిగింది.

"మీ బడిల ఆ ముల్లు డబ్బీ ఉంటది గదా. తీస్కరా. ఉత్తరమేదో సరిగ్గ చూద్దాం."

తెచ్చాను. నేను చెప్పకముందే ఆమె బొడ్లోంచి కత్తెర తీసి, వాకిలి దాటి వెళ్లి, పక్కింటి అరుగు మీద పెట్టి వచ్చింది. ముల్లు కుదురుకునేదాకా ఊపిరి బిగబట్టి చూసింది. అది చూపిన దిక్కుకు వెంట్రుకవాసి తేడా లేకుండా తన పక్క పరుచుకుంది. చావు కోసం ఇంత కొలతలెందుకే అని నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి.

అలా ఏళ్లు గడిచాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను మర్నాటి పాఠానికి పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. అదే పాఠం. అమ్మ గుమ్మం దగ్గర వెలుగులో బీడీలు చుడుతోంది. ఉన్నట్టుండి అంది.

"ఇన్నేండ్ల సంది ఉత్తరానికే తల పెట్టి పండుకుంటున్న. ఏం కాలే. కాలు నొప్పి గూడ రాలే. ముల్లు పెట్టి సరిగ్గ చూసుకోని మరీ పండుకుంటి. నువ్వు చెప్పిందే ఖరం బిడ్డా. ఉత్తరం ఎవ్వలను గుంజదు."

పుస్తకం మూసేశాను. అప్పుడు తెలిసింది నాకు, ఆమె పడుకున్నది చావు కోసం ఒక్కటే కాదని. తన మీద తానే పరీక్ష పెట్టుకుంది. ఉత్తరం చంపేదైతే చంపాలి, లేకపోతే తాను నిర్దోషి. నా ల్యాబుల్లో ఎవరూ ఇంత ఓపికగా పరీక్ష చేయలేదు. గెలిచానన్న సంతోషం తన్నుకొచ్చింది. లేచి ఆమె దగ్గరికి వెళ్లబోయాను.

కత్తెర ఆగిపోయింది.

"అట్లయితే ఆయిన్ను ఎందుకు తిప్పిన?" అంది అమ్మ. నన్ను అడగడం లేదు. "పట్టె కొట్టి కొట్టి అడిగె. అన్ని నెలలు గోడ చూపించుకుంట పండవెడితి. పోయేటప్పుడు సుత నా ముఖం చూడనియ్యకపోతి. ఉత్తగనే. ఉత్తగనే చూడనియ్యకపోతి గదనే."

నేను ఏళ్ల తరబడి నెట్టి నెట్టి తెరిపించిన తలుపు అది. దాని అవతల ఇది ఉందని నాకెప్పుడూ తోచలేదు. ఒక నేరం దిగితే ఇంకోటి ఎక్కింది, మొదటిదాని కంటే బరువైనది. దీనికి ఏ ముల్లూ, ఏ నల్లరాయీ జవాబు చెప్పవు. ఆమె ముఖం చూస్తూ నిలబడలేకపోయాను. అప్పుడు నా నోట్లోంచి, బీఎస్సీ చదివి, బడిలో సైన్సు చెప్పే నా నోట్లోంచి ఈ మాట వచ్చింది.

"అది గట్ల కాదమ్మా. నేను నీకు సగమే చెప్పిన. మంచిగున్న మనిషిని ఉత్తరం గుంజదు. నిన్ను గుంజలే, చూస్తివి గదా. పడిపోయిన మనిషినే గుంజుతది."

అమ్మ తలెత్తింది. "పడిపోయినోళ్లనే?"

"ఆఁ. వాళ్లకు నెత్తురు సరిగ్గ తిరగదు గదా, అందుకని."

ఆమె మనసులో లెక్క వేసుకోవడం నాకు కనబడుతూనే ఉంది. "అంటే మంచం జరిపినప్పుడు ఆయిన మంచిగుండె. అప్పుడు గుంజలే."

"గుంజలే. అది బీపీ."

"పడిపోయినంక తిప్పిన. మరి అది..."

"మంచి పనే చేసినవమ్మా. తిప్పకపోతే ముందే పోతుండె."

"ఖరమేనా? పుస్తకంల ఉన్నదా?"

చేతిలో ఉన్న ఏడో తరగతి పుస్తకాన్ని పైకెత్తి చూపించాను. "ఉన్నది" అన్నాను.

అమ్మకు చదువు రాదు. ఆ అట్ట వైపు కాసేపు చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. చాట ఒళ్లోకి లాక్కుని ఒక ఆకు కత్తిరించింది. ఆ తర్వాత నన్ను చూసి, చిన్నప్పుడు లెక్క తప్పినప్పుడు తిట్టినట్టే తిట్టింది.

"ఈ ముక్క అప్పుడే చెప్పొద్దా? ఇన్నేండ్లు ఏం చదివినవే నువ్వు?"